ప్రశ్న మీది, జవాబు నాది: ఐస్‌లాండ్‌లో ఆత్మల పరిశోధన

పోయిన సంచికలో ఒక పాఠకుడు "చనిపోయినవాళ్లు మాట్లాడతారా, దీని మీద ఎవరైనా సైన్సు పద్ధతిలో పనిచేశారా" అని అడిగారు. జవాబులో ఐస్‌లాండ్ పేరు ఒక్క లైన్‌లో చెప్పి వదిలేశాను, నూరేళ్ల కిందటే అక్కడ డాక్టర్లూ పాదిరీలూ కలిసి దీన్ని పరీక్షించారని. ఆ ఒక్క లైన్‌కి పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, అటు రాయగడ, జయపురం నించి కూడా బోలెడు ఉత్తరాలు, మెసేజీలు వచ్చాయి. అందుకని ఈసారి పెన్షన్ రూల్సూ వంటింటి చిట్కాలూ పక్కన పెట్టి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం, ఐస్‌లాండ్ జనాభా మా బరంపురం టౌనంత ఉంటుందేమో. అంత చిన్న దేశంలో ఇలాంటి పరిశోధన ఎందుకు మొదలైంది? పెద్ద దేశాలకి లేని తీరిక వాళ్లకెలా వచ్చింది?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం

జవాబు: చిన్న దేశం కాబట్టే అంత గట్టిగా సాగిందని నేననుకుంటానమ్మా. 1901లో ఆ దేశం మొత్తానికి జనం 78 వేలు, ఇప్పటికీ నాలుగు లక్షలు నిండలేదు. అప్పట్లో డెన్మార్క్ రాజు కింద ఉండేది, 1904లో సొంత పాలన కొంత చేతికొచ్చింది. కథలు రాసేవాడు, పేపరు నడిపేవాడు, చర్చిలో ప్రసంగం చెప్పేవాడు, రేపు మంత్రి కాబోయేవాడు అందరూ రోజూ అదే వీధిలో ఎదురుపడేవాళ్లే. లండన్‌లో అయితే 1882లోనే ఈ విషయాల కోసం ఒక సొసైటీ పెట్టారు, కేంబ్రిడ్జి ప్రొఫెసర్ హెన్రీ సిడ్జ్‌విక్ దానికి మొదటి ప్రెసిడెంటు. అందులో పనిచేసిన ఫ్రెడరిక్ మయర్స్ అనే ఆయన రాసిన లావుపాటి పుస్తకం, ఆయన పోయాక 1903లో అచ్చయింది. అది ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఎయ్‌నార్ క్వారాన్ అనే పేరున్న రచయిత చేతిలో పడింది, ఆయన చదివి ఊరుకోకుండా నలుగురిని పోగేసి మనమూ చూద్దాం రండి అన్నాడు. అలా 1905లో ప్రయోగాల సంఘం ఒకటి తయారైంది.

అందులో ఎవరున్నారో చూడండి. బైబిల్ పాత నిబంధనని ఐస్‌లాండ్ భాషలోకి తెచ్చిన పండితుడు హారాల్దుర్ నీల్సన్. పేపరు ఎడిటర్ బ్యోర్న్ యోన్సన్, 1909లో ఆ దేశానికి మంత్రి అయింది ఈయనే. వేరే దేశాల్లో ఇలాంటి పని చేసినవాళ్లు ఎక్కువగా ఊరి చివర మనుషుల్లా మిగిలిపోయారు, ఇక్కడ ఊరి నడిబొడ్డు మనుషులే దిగారు. దానివల్ల తిట్లు కూడా అంతే పడ్డాయి, ఎదుటి పార్టీ పేపర్లు వీళ్లని రోజూ ఉతికి ఆరేసేవి.

వీళ్లకి దొరికిన మీడియం, అంటే పోయినవాళ్లు తన నోట మాట్లాడతారనే మనిషి, ఇంద్రిది ఇంద్రిదాసన్. 1883లో పల్లెటూరి రైతు ఇంట్లో పుట్టి, ప్రెస్సులో పని నేర్చుకోడానికి రేక్యవిక్ వచ్చిన కుర్రాడు. బల్ల మీద చేతులేసి కూర్చునే ప్రయోగం ఒకటి జరుగుతుంటే అనుకోకుండా ఆ గదిలోకొచ్చాడు, నువ్వూ కూర్చో అంటే కూర్చున్నాడు, బల్ల ఒక్కసారి ఊగిపోయేసరికి హడలిపోయి పారిపోబోయాడట. 1905 నించి 1909 దాకా, అంటే నాలుగైదేళ్లే అతని మీద పని జరిగింది, తర్వాత క్షయ పట్టుకుంది, 1912లో 28 ఏళ్లకే పోయాడు. అతను పోయినా పని ఆగలేదు. 1918లో ఐస్‌లాండ్ ఆత్మ పరిశోధన సంఘం పుట్టింది, 1920 నించి సొంత పత్రిక కూడా తెచ్చారు.

ప్రశ్న: అమ్మా, నేను తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఐస్‌లాండ్‌లో కూర్చుని డెన్మార్క్‌లో అగ్నిప్రమాదం చెప్పాడని ఎక్కడో చదివాను. ఎవరో టెలిగ్రాం ఇచ్చుంటారు, దానికి ఆత్మ పేరు పెట్టుంటారు. ఇది మీకెందుకు తట్టలేదు?
– తంతి ఉద్యోగి (రిటైర్డ్), పర్లాకిమిడి

జవాబు: బాబూ, మీ అనుమానమే అందరికన్నా ముందు రావాల్సిన అనుమానం. కానీ ఇక్కడ తేదీ చూడాలి. ఆ సంగతి జరిగింది 1905 నవంబర్ 24న. ఐస్‌లాండ్‌కి సముద్రం అడుగున కేబుల్ వేసింది 1906లో. అంటే ఆ రాత్రికి రేక్యవిక్‌కీ డెన్మార్క్‌కీ మధ్య తంతి తీగ లేదు, టెలిఫోన్ లైను లేదు, అక్కడి కబురు మామూలుగా ఓడలోనే రావాలి, కోపెన్‌హాగన్ చూస్తే రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఆ రాత్రి ఇంద్రిది ట్రాన్స్‌లో, అంటే పూనకం లాంటి మత్తులో ఉండగా కొత్త గొంతు ఒకటి వచ్చింది. డేనిష్ మాట్లాడుతూ నా పేరు యెన్సన్, నేను ఫ్యాక్టరీ యజమానిని అంది. యెన్సన్ అంటే డెన్మార్క్‌లో మన వైపు అప్పారావు లాంటి పేరు, వీధికి పదిమంది ఉంటారు, అదేం ఆధారం కాదు. కాసేపటికి, నేను కోపెన్‌హాగన్ వెళ్లొచ్చాను, అక్కడ ఒక ఫ్యాక్టరీ తగలబడుతోంది అన్నాడు. ఇంకో గంటకి మళ్లీ వచ్చి మంటలు అదుపులోకొచ్చాయి అన్నాడు.

ఇప్పుడు వీళ్లు చేసిన పని చూడండి, నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఇదే. విన్నది విన్నట్టు అప్పుడే రాసి ఆ కాగితం బిషప్ గారి దగ్గర దాచిపెట్టించారు. నిజమో అబద్ధమో ఇంకా తెలీదు, ఓడ రావడానికి వారాలు పడుతుంది, ఆ లోపే కాగితం వాళ్ల చేతిలోంచి బయటికి వెళ్లిపోయింది. క్రిస్మస్ వేళకి ఓడలో డేనిష్ పేపర్లు వచ్చాయి. 24వ తేదీ రాత్రి కోపెన్‌హాగన్‌లో స్టోరే కొంగెన్స్‌గేడ్ అనే వీధిలో, 63 నంబరు దగ్గర, దీపాల ఫ్యాక్టరీ తగలబడిందని, త్వరగానే అదుపు చేశారని అందులో ఉంది.

అక్కడితో ఆగితే, పెద్ద నగరంలో ఏదో ఒక రాత్రి ఏదో ఒకటి తగలబడుతూనే ఉంటుంది, గుడ్డిగా అన్నా తగలొచ్చు అని మీరనొచ్చు, నేను కాదనను. కానీ దీనికి రెండో సగం ఉంది. డిసెంబర్‌లో ఇంకో రాత్రి ఆ యెన్సనే తన అసలు పేరు ఎమిల్ అని, పెళ్లి కాలేదని, పిల్లల్లేరని, అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ ఉన్నారని చెప్పాడు, అది మినిట్స్ బుక్కులో రాశారు. ఆ తర్వాత ఆ పుస్తకాలు కొన్ని కనబడకుండా పోయి, రెండు మాత్రం చాలా ఏళ్లకి దొరికాయి. ఎర్లెండుర్ హారాల్డ్‌సన్ అనే ఐస్‌లాండ్ ప్రొఫెసర్ వాటిని పట్టుకుని కోపెన్‌హాగన్ రికార్డు ఆఫీసుల్లో పాత రిజిస్టర్లు తిరగేశాడు. ఎమిల్ యెన్సన్ అనే వ్యాపారి నిజంగా ఉన్నాడు, 1898లో పోయాడు, పెళ్లి కాలేదు, తోబుట్టువులున్నారు, ఇల్లు అదే వీధిలో 67 నంబరు, కాలిపోయిన ఫ్యాక్టరీకి రెండిళ్ల అవతల. ఈ సంగతి 2011లో అచ్చయింది, అంటే మాట చెప్పిన 106 ఏళ్లకి సరిచూశారు.

ఇది ఆత్మ ఉందని రుజువు చేసిందా అంటే నేను ఆ మాట అనను. కానీ 1905లో రాసిన కాగితం లేకపోతే 2011లో సరిచూడ్డానికి ఏమీ ఉండేది కాదు, ఇది మాత్రం గట్టిగా అంటాను. తంతి ఆఫీసులో ప్రతి ఫారం మీదా టైము వేసిన మీకు ఈ విలువ నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను స్కూల్లో పిల్లలకి మ్యాజిక్ చేసి చూపిస్తాను. చీకటి గదిలో నాకు పది నిమిషాలిస్తే బల్లలేం ఖర్మ, బీరువాలు కూడా కదిలిస్తాను. ఆ ఇంద్రిదిని ఎవరైనా సరిగ్గా పట్టుకున్నారా?
– టీచరు, జయపురం

జవాబు: మాస్టారూ, మీలాంటి మనిషే వెళ్లాడు. గుడ్మండుర్ హాన్నెస్సన్ అనే డాక్టరు, తర్వాత మెడిసిన్ ప్రొఫెసర్ అయ్యాడు, నిక్కచ్చి మనిషని ఊళ్లో పేరు. ఇదంతా మోసమని అనుకునే వెళ్లాడు, 1908-09 చలికాలమంతా పరీక్షించాడు. కళ్ల డాక్టర్ని ఒకాయన్ని తోడు తీసుకెళ్లాడు. ముందు గది అంతా వెతకడం, మీడియంని వెతకడం. తర్వాత హాలు మధ్యలో అడ్డంగా పైకప్పు నించి నేల దాకా వల కట్టించాడు. వలకి అటు మీడియం, అతని చేతులూ కాళ్లూ పట్టుకుని ఒక కాపలా మనిషి, మిగతా జనమంతా ఇటు. చీకట్లో కూడా ఏది ఎటు పోతోందో తెలియాలని వస్తువులకి మెరిసే పట్టీలు అంటించాడు. అయినా వస్తువులు ఎగిరాయి, మోసం ఎక్కడుందో తను పట్టుకోలేకపోయానని, ఇవి నిజంగానే జరిగాయని నమ్ముతున్నానని అకురేరి ఊరి పేపర్లో తన పేరు పెట్టి అచ్చేయించాడు.

మరి మీ మాట? చీకటి చీకటే మాస్టారూ. కాపలా మనిషి చెయ్యి ఎప్పుడు సడలిందో ఎవరు చెప్పగలరు, ఒక చేతినే రెండు చేతులని భ్రమపెట్టే విద్య మీకూ తెలుసు. ఇవాళ అయితే చీకట్లో కనిపించే కెమెరా ఒకటి మూల పెడితే తేలిపోయేది, అప్పుడది లేదు. అందుకే ఎగిరిన వస్తువుల కన్నా ఎగరని మాటలు, అంటే పైన చెప్పిన అగ్నిప్రమాదం లాంటివి, నాకు ఎక్కువ బరువుగా కనిపిస్తాయి. వల కట్టించిన డాక్టరు మీద మాత్రం నాకు చాలా గౌరవం. నమ్మేవాళ్ల మధ్యకి వెళ్లి అనుమానిస్తున్నానని చెప్పి, వాళ్ల చేతే వల కట్టించి, తర్వాత తనకి ఇబ్బందే అయినా చూసింది చూసినట్టు రాశాడు.

ప్రశ్న: కాలు కోసం వచ్చిన దెయ్యం అని మా మనవడు ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు, అది కూడా ఐస్‌లాండే అన్నాడు. నిజమేనా అమ్మా?
– పాఠకురాలు, ఇచ్ఛాపురం

జవాబు: ఆ దేశందేనండి. 1937 ప్రాంతంలో హాఫ్‌స్టెయిన్ బ్యోర్న్‌సన్ అనే ఇంకో మీడియం దగ్గరకి పిలవని చుట్టం ఒకడు రావడం మొదలెట్టాడు. పేరు చెప్పడు, నశ్యం కావాలి, కాఫీ కావాలి, మందు కావాలి, నా కాలు కావాలి అనేవాడు. 1939లో సాండ్‌గెర్డి అనే చేపల ఊరి ఫ్యాక్టరీ యజమాని ఆ కూటమికి వచ్చి కూర్చుంటే, నా కాలు మీ ఇంట్లోనే ఉంది అన్నాడు. తర్వాత ఎప్పుడో పేరు చెప్పాడు, రునోల్ఫుర్ రునోల్ఫ్‌సన్, 1879లో తాగి సముద్రం ఒడ్డున పడుకుంటే అల లాక్కుపోయిందని, తర్వాత ఒళ్లు దొరికింది గానీ తొడ ఎముక దొరకలేదని. చర్చి పుస్తకాలు తీసి చూస్తే ఆ చావు రాసి ఉంది. 1940లో ఆ ఇంటి గోడ తెరిస్తే ఒక పొడుగాటి తొడ ఎముక బయటపడింది, దాన్ని పద్ధతిగా పాతిపెట్టారు.

ఆ ఎముక ఆయనదేనని చెప్పడానికి ఎలాంటి పరీక్షా జరగలేదు, చర్చి పుస్తకం అంటే ఎవరైనా చదవగలిగిన పుస్తకమే, ఈ రెండూ మనసులో పెట్టుకుని ఆ వీడియో చూడండి. దీన్ని హారాల్డ్‌సనూ, అమెరికా డాక్టరు ఇయాన్ స్టీవెన్‌సనూ కలిసి బతికున్న సాక్షులని అడిగి 1975లో అచ్చేశారు.

ప్రశ్న: మా ఇంటావిడ పోయి ఏడాది కాలేదు. తెల్లారగట్ల వంటింట్లో గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఒకసారి మంచం పక్కన నిలబడినట్టే అనిపించింది. పిల్లలకి చెప్తే డాక్టరు దగ్గరకి పోదామంటున్నారు. నాకు మతి పోతోందా? ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.
– రిటైర్డ్ హెడ్మాస్టరు, గుణుపురం

జవాబు: మాస్టారూ, మీకు మతి పోవడం లేదు. ఈ మాట ఊరికే ఓదార్పుకి చెప్పడం లేదు, లెక్కతో చెప్తున్నాను. డెవి రీస్ అని బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు డాక్టరు, తన ఏరియాలో భార్య పోయిన మగవాళ్లనీ భర్త పోయిన ఆడవాళ్లనీ 293 మందిని కూర్చోబెట్టి అడిగాడు. దాదాపు సగం మంది, నూటికి 47 మంది, పోయిన మనిషి ఉన్నట్టనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరిగిందన్నారు. ఆ లెక్క 1971లో అక్కడి పెద్ద మెడికల్ జర్నల్లో అచ్చయింది. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, మీలాగే. ఇక ఐస్‌లాండ్‌లో 1970ల మధ్యలో హారాల్డ్‌సన్ సర్వే చేస్తే నూటికి 31 మంది చనిపోయినవాళ్లతో ఏదో ఒక రకంగా కలిశామన్నారు. వాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూ, చేపలు పట్టుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న మామూలు మనుషులు.

అది ఆవిడేనా, మీ మనసు అలవాటు కొద్దీ చేసే చప్పుడా అన్నది నేను చెప్పలేను, చెప్పేవాళ్లని మీరు నమ్మొద్దు కూడా. నలభై ఏళ్లు విన్న గాజుల చప్పుడు ఒక్క రోజులో చెవిలోంచి పోదు. మీకు భయం లేకపోతే, దాంతో మనసుకి కాస్త నెమ్మదిగా ఉంటే, ఉండనివ్వండి. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, రమ్మని పిలుస్తున్నట్టు అనిపించినా మాత్రం పిల్లలతో వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లండి, ఈ చివరి మాట దయచేసి వాయిదా వెయ్యకండి. ఈ జవాబు మీ పిల్లలకి కూడా చదివి వినిపించండి.

ప్రశ్న: మా నాన్న పోయాక సోది చెప్పించాం. ఆవిడ నాన్న గొంతుతోనే "నీళ్లు తాగలేకపోయాను తల్లీ" అంది. మా నాన్న ఆఖర్లో నిజంగానే నీళ్లు మింగలేకపోయారు. ఇది మీ ఐస్‌లాండ్ కన్నా ఏం తక్కువ?
– గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అనుభవంగా చూస్తే ఏమీ తక్కువ కాదు చెల్లీ, ఆ ఏడుపూ ఆ ఊరటా రెండూ నిజమే. ఆధారంగా చూస్తే మాత్రం తేడా ఉంది. చాటలో బియ్యం పోసి మీ చెయ్యి దాని మీద పెట్టించి పాటలా ఎత్తుకుంటుంది కదా, పెద్ద తలకాయా చిన్న తలకాయా, మంచాన పడ్డదా దారిలో పడ్డదా అని ఒక్కోటి వదులుతుంది, మీరు ఆ, ఊ, అవునమ్మా అంటూ ఉంటారు, ఒక్కోసారి నోటితో కాదు కళ్లతోనే అంటారు. దాన్ని పట్టుకుని ముందుకెళ్తుంది. మోసం చెయ్యాలనే చేస్తుందని నేననను, తరతరాలుగా మనుషుల ముఖం చదవడం వాళ్లకి వచ్చిన విద్య. ఇక ఆఖరి రోజుల్లో నీళ్లు మింగలేకపోవడం మంచాన పడ్డ పెద్దవాళ్లలో చాలామందికి జరిగేదే. మీ నాన్నగారికి మాత్రమే తెలిసింది, మీకు కూడా తెలీనిది, తర్వాత వెతికితే దొరికింది ఏదైనా చెప్పిందా? చెప్తే అది వెంటనే రాసిపెట్టుకోవాల్సిన మాట. ఇంకోటి, మొదటిసారికి చీరా బియ్యం అడిగి, రెండోసారికి వేలు, మూడోసారికి మీ నాన్నకి శాంతి లేదు హోమం చెయ్యాలి అంటే అక్కడే లేచి వచ్చెయ్యండి. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర బెదిరించి తీసుకునే డబ్బు పాపపు డబ్బు.

మన పక్కనే ఉన్న సంగతి ఒకటి మనకే తెలీదు. గజపతి, రాయగడ కొండల మీద సవరల్లో కురాన్ అని, పోయినవాళ్లని తమ నోట మాట్లాడించేవాళ్లు ఉంటారు, ఎక్కువమంది ఆడవాళ్లే. కాళ్లు చాపుకుని కూర్చుని పాడుతూ ట్రాన్స్‌లోకి వెళ్తే ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోతుంది, పక్కనున్నవాళ్లు మోకాళ్లు మడిచి, గుప్పిళ్లు విప్పి సరిచేస్తారు. అప్పుడు పోయినవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఆమె నోట మాట్లాడతారు, కల్లు అడుగుతారు, ఫిర్యాదు చేస్తారు. ఇంట్లోవాళ్లు కూడా ఊరుకోరు, ఎందుకు పోయావని నిలదీస్తారు, పోట్లాడతారు, కలిసి ఏడుస్తారు. ఇదొక్క రోజుతో అయిపోదు, ఏళ్ల తరబడి సాగుతుంది. 1970ల్లో పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లండ్ మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి, భాష నేర్చుకుని, ఆ మాటలన్నీ రాసుకున్నాడు. ఆయన ఆత్మ ఉందా లేదా అని పరీక్షించలేదు, ఆ మాటలు బతికున్నవాళ్లకి ఏం చేస్తున్నాయో చూశాడు. అంతకు చాలా ముందే మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి నిఘంటువు చేశారు. ఆ కొండలకి ఇంత దగ్గరలో ఉన్న మనం అలా కూర్చుని వినిందీ రాసిందీ ఎంత తక్కువో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. సవరల్లో చాలామంది ఇప్పుడు క్రైస్తవంలోకో హిందూ పద్ధతుల్లోకో మారిపోయారు, ఇంకో తరానికి అడగడానికి పెద్దవాళ్లు కూడా మిగలరు.

ప్రశ్న: ఈ ఐస్‌లాండ్ ప్రొఫెసర్ పుట్టపర్తి వచ్చాడట కదా, ఏం తేల్చాడు? మన తెలుగువాళ్లలో ఇలాంటి పరిశోధన చేసినవాళ్లు లేరా?
– మెడికల్ షాపు యజమాని, రాయగడ

జవాబు: వచ్చారు, ఒకసారి కాదు, 1973 నించి పదేళ్లలో చాలాసార్లు. మొదట్లో కార్లిస్ ఓసిస్ అనే ఇంకో పరిశోధకుడు కూడా తోడున్నారు. సత్యసాయిబాబా చేతిలోంచి విభూతి, ఉంగరాలు రావడం దగ్గర్నించి చూశారు, పరీక్ష పద్ధతిలో చేసి చూపమని బాబాని అడిగారు, బాబా ఒప్పుకోలేదు. అప్పుడు హారాల్డ్‌సన్ చూసినవాళ్లని వెతికి వెతికి అడిగారు, భక్తుల్నే కాదు, దూరమైపోయిన పాత భక్తుల్ని కూడా. మోసం అని చెప్పే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు, పరీక్ష జరగలేదు కాబట్టి నిజమని కూడా తేల్చలేను, ఆయన చెప్పిందాని సారం ఇది. భక్తులకీ నచ్చలేదు, నాస్తికులకీ నచ్చలేదు. నాకు మాత్రం అది నిజాయితీ ఉన్న మాట అనిపిస్తుంది. ఆయన 2020లో పోయారు.

మనవాళ్లలో లేకేం, వైజాగ్‌లోనే ఉన్నారు. కోనేరు రామకృష్ణారావుగారు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లి జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో ఆంధ్రా యూనివర్సిటీలో పారాసైకాలజీకి, అంటే మనసుకి మామూలుగా అందని శక్తులున్నాయా అని పరీక్షించే చదువుకి, డిపార్ట్‌మెంటే పెట్టించారు. రైన్ పద్ధతిలో చీకటి గది లేదు, మీడియం లేదు. 25 కార్డుల కట్ట, గుండ్రం, కూడిక గుర్తు, అలలు, చదరం, నక్షత్రం, ఒక్కోటి ఐదేసి. ఒకడు కార్డు చూస్తాడు, ఇంకో గదిలో మనిషి అదేంటో చెప్తాడు. గుడ్డిగా చెప్పినా సగటున ఐదు తగులుతాయి, వేల సార్లు చేశాక కూడా సగటు ఐదుకి పైనే నిలబడుతోందా లేదా అన్నదే ప్రశ్న. కొన్ని చోట్ల నిలబడిందన్నారు, వేరేవాళ్లు చేస్తే నిలబడలేదు, ఎవరు ఎక్కడ చేసినా వచ్చే ఫలితం ఇప్పటికీ రాలేదు కాబట్టే సైన్సులో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోరు. రామకృష్ణారావుగారు తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో పోయారు. మన ఇళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమందంటే తలెత్తుకునేలా లేదు.

ప్రశ్న: హాస్టల్లో గ్లాసు బోర్లించి వేళ్లు పెడితే అక్షరాల మీదకి దానంతటదే వెళ్తోంది. ఎవరూ తొయ్యట్లేదు, ఒట్టు.
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపురం

జవాబు: తొయ్యట్లేదని మీరంతా నిజంగానే అనుకుంటున్నారు నాన్నా, కానీ తోస్తున్నారు. 1853లోనే మైకేల్ ఫారడే, మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న ఫారడేనే, కదిలే బల్లల మీద పరీక్ష చేసి మనిషికి తెలియకుండానే చెయ్యి ముందు నెడుతుందని చూపించాడు. కావాలంటే అందరికీ కళ్లకి గంతలు కట్టి, అక్షరాల చీటీలు మీకు తెలీకుండా కలిపేసి పెట్టమనండి, ఏం రాస్తుందో చూడండి. రాత్రిళ్లు భయపడే పిల్లల్ని మాత్రం దాంట్లో కూర్చోబెట్టకండి.

ప్రశ్న: మా పక్క ఊళ్లో వరసగా ఇద్దరు పిల్లలు జ్వరాలతో పోయారు. ఒక ముసలామె చిల్లంగి పెట్టిందని గురువు అంజనం వేసి చెప్పాడు. ఇలాంటివి పరిశోధనలో ఎలా నిర్ధారిస్తారు?
– యువకుడు, గజపతి జిల్లా

జవాబు: బాబూ, ఇక్కడ నిర్ధారించాల్సిందేమీ లేదు, ముందు ఆ ముసలామెని కాపాడాలి. లండన్ నించి రేక్యవిక్ దాకా నేను పైన చెప్పిన ఏ పరిశోధనా, ఒక మనిషి ఇంకో మనిషికి జ్వరం పంపగలదని చూపలేదు. పిల్లలు పోయింది జ్వరంతో, కొండ ఊళ్లలో మలేరియా ఉంది, రక్తపరీక్ష చేయించాలి, మిగతా పిల్లలకి ఇవాళే చేయించాలి. ఒడిశాలో 2013 నించి దీనికి ప్రత్యేకంగా చట్టం ఉంది, మంత్రగత్తె అని ముద్ర వెయ్యడమే నేరం. ఊళ్లో నలుగురు గుమిగూడే దాకా ఆగొద్దు, ఆశా కార్యకర్తకీ, సర్పంచ్‌కీ, పోలీసులకీ ఈ పత్రిక చదివిన రోజే చెప్పండి. ఆమె ఒంటరి మనిషైతే రాత్రిళ్లు తోడు పడుకునే మనిషిని చూడండి.

ప్రశ్న: మా ఆయన సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తారు. ఆయన చెయ్యి రక్తంతో కల వచ్చింది, తెల్లారాక ఫోన్ వచ్చింది, చెయ్యి మెషీన్‌లో పడిందని. ఇలాంటివి నాకు ముందు కూడా జరిగాయి. ఎవరూ నమ్మరు. మీరు నమ్ముతారా?
– పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: ముందు మీ ఆయన చెయ్యి ఎలా ఉందమ్మా? ఫ్యాక్టరీ నించి వైద్యం ఖర్చూ, నష్టపరిహారం రావాలి, కాగితాలు పోనివ్వకండి, దాని గురించి విడిగా రాయండి, జవాబిస్తాను.

కల సంగతికొస్తే, 1886లో లండన్ సొసైటీవాళ్లు అచ్చంగా మీలాంటివి, దూరాన ఉన్న మనిషికి ప్రమాదమో చావో జరిగినప్పుడు ఇక్కడివాళ్లకి తెలియడం, 702 పోగుచేసి అచ్చేశారు. మరుసటేడు ఒక స్కాట్లండ్ లాయరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, కబురు రాకముందు రాసిన ఉత్తరం ఏది, పోస్టు ముద్ర ఉన్న ఒక్క కాగితం చూపించండి అని. అంత పెద్ద పుస్తకంలోనూ దానికి గట్టిగా నిలబడే జవాబు దొరకలేదు. కబురు విన్నాక కల గుర్తొస్తే, మనసు దానికి తెలీకుండానే నాలుగు అతుకులు వేస్తుంది, మీదని కాదు, ఎవరిదైనా. పైగా మగ్గాల పనిలో ఉన్న మనిషి గురించి ఇంటి దగ్గర భార్యకి భయపు కలలు ఎన్నో వస్తాయి, ఏమీ జరగనివి గుర్తుండవు.

మిమ్మల్ని అబద్ధం అని అనను. ఒక పని చెయ్యండి. ఇక మీదట అలాంటి కల వస్తే, లేచిన వెంటనే, ఎవరికీ ఫోన్ చెయ్యకముందే, రాయండి. ఎవరు, ఏ చెయ్యి, ఎక్కడ, ఏ రంగు చొక్కా, అన్నీ. నోటుపుస్తకంలో రాస్తే తర్వాత రాశారంటారు, అందుకని వాట్సాప్‌లో మీ ఆయనకి సంబంధం లేని ఇద్దరికి పంపండి, టైము దానంతటదే పడుతుంది, వాళ్లని డిలీట్ చెయ్యొద్దనండి. వాయిస్ మెసేజ్ అయినా ఫర్వాలేదు, చదువు అడ్డం కాదు. తప్పిపోయిన కలలు కూడా పంపాలి, తగిలినవి ఒక్కటే పంపితే లెక్క కుదరదు. ఏడాది తర్వాత ఆ మెసేజీలన్నీ, తగిలినవీ తప్పినవీ కలిపి నాకు పంపితే, పేరు లేకుండా ఇదే శీర్షికలో వేస్తాను.